చందా ఇంకా నడుస్తోంది

జూన్ 6

అక్కా,

క్షేమంగా చేరాం. మిగతాది తీరిగ్గా చదువుకో, ముందు ఈ మాట చదివి కుదుటపడు.

ఫోన్ చేయలేదని తిట్టుకుంటూ ఉంటావు. పాత నంబరు తీయించేశాను. కొత్తది ఎవరికీ ఇవ్వలేదు, నీక్కూడా. నీ ఫోన్ బావ చూస్తాడు, బావ ఫోన్ ఊరంతా చూస్తుంది. కాగితమే నయం. అదీ ఇంటికి కాదు, నీ ఆసుపత్రి ల్యాబుకే రాస్తాను. నెత్తురు సీసాల మధ్య చెయ్యి పెట్టి వెతికే ధైర్యం ఎవరికీ ఉండదు.

మేడ మీద ఒంటిగది. కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు. పొద్దస్తమానం సుత్తి చప్పుడే. ఆ చప్పుడు ఆగితేనే నాకు గుండె దడ. వచ్చిన రోజు పిచ్చుక గదంతా కలయతిరిగి, "నాన్నకి ఈ ఇల్లు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. "అయితే లైటు వేసుకోవచ్చా?" అంది. ఏడేళ్ళ పిల్ల అడగాల్సిన మాటేనా అది?

పని దొరికింది. వీధి చివర ఫోటో స్టూడియో. యజమానురాలిని అందరూ కళ్ళజోడు మేడం అంటారు. ఒక జోడు ముక్కు మీద, ఇంకొకటి నెత్తి మీద పెట్టుకుని మూడోదాని కోసం వెతుకుతుంటుంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఫోటోలకి మెరుగులు దిద్దడం నా పని. ఆవిడ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ ఏనాటిదో. ఒక్కసారి కొనుక్కుని ఇప్పటికీ అదే వాడుతోంది. "నెలనెలా కట్టే రకం నాకొద్దమ్మా. నా కంప్యూటర్లో నేను అద్దెకుండటమేంటి?" అంటుంది. మాట బాగానే ఉంది కానీ, బడిపిల్లల ఫోటోలు కట్టలుకట్టలుగా వస్తాయి. ఒక్కో తల వెనక గోడ చెరిపేసరికి నా తల తిరిగిపోతోంది. కొత్తదాంట్లో అయితే అది ఒక్క నొక్కు పని. అందుకని ఆ నెలవారీ రకం ఎక్కించి, నా పాత అకౌంటుతో లోపలికి వెళ్ళి చూశాను. తెరుచుకుంది! పిచ్చుక వాళ్ళ నాన్న నెలనెలా కట్టే చందా ఆపలేదు, మర్చిపోయినట్టున్నాడు. అతని స్టూడియోలో ఇన్నేళ్ళు చాకిరీ చేసిన దాన్ని, ఈ మాత్రం వాడుకుంటే తప్పేం లేదులే.

పిచ్చుకని దగ్గర్లోని బడిలో చేర్చాను. బావకి నేనెక్కడున్నానో చెప్పకు.

నీ
చిన్ని

జూన్ 14

చిన్నీ,

నీ ఉత్తరం మైక్రోస్కోపు పక్కన పెట్టుకుని చదివాను. పక్క సీటావిడ "ఏంటి, రిపోర్టు చూసి ఏడుస్తున్నారు?" అంది. కళ్ళలో మందు పడిందన్నాను. మెడ మీద కమిలిన చోట తగ్గిందా? వేళ్ళ గుర్తులు తగ్గినా లోపల నొప్పి ఉంటుంది, చల్లనీళ్ళ గుడ్డ పెట్టు.

మీ ఆయన మొన్న ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కెమెరా, ఎప్పటిలాగే నవ్వుముఖం. "వదినా, తనని నేనేమీ అనను. ఎక్కడుందో చెప్పండి చాలు" అన్నాడు. నాకు తెలియదన్నాను. అప్పుడు బావ వైపు తిరిగి ఏడ్చాడు. మీ బావ సంగతి తెలుసుగా, సినిమాలో కుక్కపిల్ల తప్పిపోతేనే తట్టుకోలేడు. అతను వెళ్ళాక, "అంతగా ఏడ్చిన మనిషి మారి ఉండడంటావా?" అని నన్నడిగాడు. ఆ పూట అన్నం తనే పెట్టుకు తిన్నాడు.

మీరు తిరిగొస్తే ఇస్తానని చెప్పి, పిచ్చుక బట్టలు తేవడానికి మీ ఇంటికి వెళ్ళాను. నువ్వు ఎప్పుడూ చెప్పే ఆ సాఫ్ట్‌వేర్ డబ్బా కూడా అడిగాను, నీ సొంతమని. అతను నవ్వి, "దాంతో ఏం చేస్తుంది వదినా? ఇప్పుడు తన పనంతా నాదాంట్లోనే కదా" అన్నాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. నీకేమైనా అర్థమవుతుందా? ఆ డబ్బాకీ నువ్వు ఇప్పుడు వాడేదానికీ తేడా ఏంటి?

రాత్రిళ్ళు గడియ పెట్టుకో. పెట్టుకున్నాక ఇంకోసారి చూసుకో.

నీ
అక్క

జూన్ 23

అక్కా,

నువ్వు రెండోసారి చూసుకోమన్నావు, నేను మూడోసారి కూడా చూస్తున్నాను.

తేడా చెబుతాను విను. ఆ డబ్బా పెళ్ళికి ముందు నా మొదటి సంపాదనతో కొన్నది. లోపల ఒక డిస్కు, మూత మీద పొడుగాటి నంబరు. ఆ నంబరు ఒకసారి కొడితే ఇక అది నాది, ఎవరినీ అడగక్కర్లేదు. నెలవారీ రకం అలా కాదు. డబ్బు కట్టారా లేదా అని కంపెనీవాళ్ళ కంప్యూటర్ని అడిగాకే తలుపు తీస్తుంది. కట్టడం ఆపేస్తే మన ఫోటోలు మన ఎదురుగానే ఉంటాయి, మనల్ని ముట్టుకోనివ్వదు. పెళ్ళయ్యాక అతనే దానికి మార్పించాడు. "కొత్తది వాడు, డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. అప్పుడు మురిసిపోయాను కూడా. 'నాదాంట్లోనే' అన్నది ఆ పాత గొప్పే అయి ఉంటుంది. పట్టించుకోకు.

ఈ వారం ఒక పెద్దాయన వచ్చాడు, రిటైరైన రైలు డ్రైవరు. చిన్నప్పుడు కవల తమ్ముడితో దిగిన ఒకే ఒక ఫోటో తెచ్చాడు. నీళ్ళు పడి తమ్ముడి ముఖం పూర్తిగా చెరిగిపోయింది. ఆ తమ్ముడు పదేళ్ళకే పోయాడట. కవలలే కదా అని, అన్న ముఖాన్నే తీసి అటూఇటూ తిప్పి తమ్ముడికి అతికించాను. చాలా బాగా కుదిరిందనుకున్నాను. ఆయన చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఇది వాడు కాదమ్మా. అద్దంలో నేను" అన్నాడు. కోపంగా అన్లేదు, అదే బాధ. మళ్ళీ ప్రయత్నిస్తానని, ఫైలుకి 'కవల తమ్ముడు, పెద్దాయనకి నచ్చలేదు' అని పేరు పెట్టి ఉంచుకున్నాను. ఎక్కడ తప్పిందో తెలియడం లేదు.

పిచ్చుకకి ఒక స్నేహితురాలు దొరికింది. ఇద్దరూ కలిసి మేడమెట్ల మీద కూర్చుని పెద్దవాళ్ళలా ధరల గురించి మాట్లాడుకుంటారు.

నీ
చిన్ని

జూలై 2

చిన్నీ,

ఒక్క మాట సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు. నువ్వు అతనితో మాట్లాడుతున్నావా?

నిన్న వచ్చాడు. బావ ఇంట్లో లేడు. గుమ్మం దగ్గరే నిలబడి, "మీ చెల్లెలికి చెప్పండి వదినా, ఆ కవలల ఫోటోలో తమ్ముడి పాపిడి తప్పు వైపు ఉంది. ముఖం తిప్పేసింది కదా, పాపిడి కూడా తిరిగిపోయింది. అందుకే ఆ ముసలాయనకి నచ్చి ఉండదు" అన్నాడు. నా చేతిలో గ్లాసు జారిపోయింది. ముక్కలు తనే ఏరి చెత్తబుట్టలో వేసి, "కాలు జాగ్రత్త వదినా" అని వెళ్ళిపోయాడు.

ఆ ఫోటో సంగతి నాకు రాసింది నువ్వొక్కదానివే. నీ ఉత్తరాలు ల్యాబులో నా అరలో ఉన్నాయి, తాళం నా మెడలో ఉంది. నేను చెప్పలేదు. మరి మిగిలింది ఎవరు? మనసు మెత్తబడి అతనికి ఉత్తరమో ఫోనో చేసి ఉంటే దాచకు. నిన్ను తిట్టను. నీకు పదిసార్లు చెప్పి పదకొండోసారి కూడా చెప్పగలను. కానీ నాకు తెలియకుండా మాత్రం చెయ్యకు. ఇక్కడ అతను నా ఎదురుగా నిలబడి నవ్వుతుంటే, అతనికి ఎంత తెలుసో తెలియకుండా నేను అబద్ధం ఎలా ఆడను?

నీ
అక్క

జూలై 9

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నేను అతనితో మాట్లాడటమా! పిచ్చుకకి లైటు వెయ్యడానికి భయం పోయి ఇంకా నెల కాలేదు, నేను మాట్లాడతానా?

మరి ఎలా తెలిసింది? నేను రాసింది నీకు. నువ్వు ఉండేది బావతో. అతని కన్నీళ్ళకి కరిగింది బావ. తాళం నీ మెడలో ఉంటుంది సరే, నిద్రలో నీ మెడ ఎక్కడుంటుంది? కోప్పడకు. నాకు వేరే దారి ఏదీ కనపడటం లేదు.

ఇంకొకటి జరిగింది. చెబితే నాకు మతిపోయిందంటావు. నీ ఉత్తరం అందాక కవలల ఫోటో మళ్ళీ తెరిచాను, పాపిడి సరిచేద్దామని. అప్పటికే సరిచేసి ఉంది. తమ్ముడి జుట్టు అటు నుంచి ఇటుకి, వెంట్రుక వెంట్రుకా, ఎంత నేర్పుగానో. మేడం ఆ ఫైలు ముట్టుకోదు, ఆవిడకి రాదు కూడా. నిద్రమత్తులో నేనే చేసి మర్చిపోయానా? పెద్దాయన వచ్చి చూసి, "ఇదిగో, వీడే" అని ఏడ్చేశాడు. నన్ను దీవించాడు. నా పని కాని పనికి దీవెన తీసుకున్నాను.

నా మీద నాకే నమ్మకం పోతోంది. గది మారుతున్నాను. ఎక్కడికో నీకు కూడా చెప్పను. పిచ్చుక బడి ఫోటోల పని చేతిలో ఉంది, అదొక్కటి పూర్తిచేసి ఇచ్చి స్టూడియో కూడా మానేస్తాను. బడి మాత్రం మార్చను, దానికున్న ఒక్క స్నేహితురాలిని లాక్కోలేను.

ఈ చిరునామాకి ఇక రాయకు. బావని అడుగు.

చిన్ని

జూలై 20

చిన్నీ,

ఈ ఉత్తరం నీ చేతికి ఇచ్చేది బావ. అతన్ని చూసి పారిపోకు. ముందు ఇది చదువు.

బావ ఏ ఉత్తరమూ చూడలేదు. నువ్వు అడగమన్నావని అడిగాను. అన్నం ముందు నుంచి లేచిపోయాడు. తిరిగొచ్చి, "నన్ను అనుమానించినా ఫర్వాలేదు, ఆ పిల్ల ఎంత భయపడితే ఆ మాట రాసిందో చూడు" అన్నాడు. అప్పుడే నాకు తెగింపు వచ్చింది. నిన్న నేరుగా మీ ఆయన స్టూడియోకి వెళ్ళి, నీకెలా తెలుసని నిలదీశాను.

దాచలేదు చిన్నీ. అదే నాకు ఎక్కువ భయం వేసింది. కుర్చీ లాగి కూర్చోబెట్టి కంప్యూటర్ చూపించాడు. నువ్వు అక్కడ చేసిన ప్రతి ఫోటో ఇక్కడ అతని తెర మీద ఉంది. కవలలు, పాస్‌పోర్టు ముఖాలు, పెళ్ళికూతుళ్ళు, అన్నీ. నువ్వు అక్కడ సేవ్ చేస్తే ఇక్కడ కొత్తది వచ్చి చేరుతుందట. "ఈ పాపిడి నేనే సరిచేశాను, తనకి ఎప్పుడూ తొందరే" అన్నాడు. ఏ కంప్యూటర్లో తెరుస్తున్నావో దాని పేరు, పక్కన మీ ఊరి పేరు కూడా చూపించాడు. నీ పేరుతో ఉన్నా ఆ అకౌంటు అతనిదే, కట్టేది అతనే కాబట్టి. "చందా ఆపెయ్యొచ్చు కదా" అన్నాను. "ఆపితే తనెక్కడుందో నాకెలా తెలుస్తుంది వదినా?" అన్నాడు, ఎంతో మామూలుగా.

తర్వాత బడి ఫోటో తెరిచాడు. ముందు వరుస పిల్లల చేతిలో పలక, పలక మీద బడి పేరు. పిచ్చుక ముఖం తెరంతా నిండేలా పెద్దది చేసి, "చిక్కిపోయింది కదూ?" అన్నాడు.

ఈ రోజు పొద్దున వెళ్ళి చూస్తే స్టూడియోకి తాళం. ఆ తెర మీద చూసిన కంప్యూటర్ పేరు మీ స్టూడియోదే, దాంతో నంబరు వెతికి మేడంకి ఫోన్ చేశాను. నువ్వు మానేశావనీ, కొత్త గది ఎక్కడో తెలియదనీ చెప్పింది. వీధి వీధీ తిరిగి వెతుకుతానంది. బడికి ఫోన్ చేస్తే గుమాస్తా, "పాప నాన్నగారు నిన్ననే ఫోన్ చేశారండీ, బడి ఎన్నింటికి వదులుతారని" అంది. పిల్లని ఎవరికీ ఇవ్వద్దని బతిమాలాను. "తల్లిగారు వచ్చి చెప్పాలండీ" అంది. నేను నీ అక్కనని ఫోన్లో ఎలా నిరూపించను?

బావ ఇదిగో, సంచి కూడా సర్దుకోకుండా బస్సుకి వెళ్తున్నాడు. నేరుగా బడికే వెళ్ళమన్నాను. నువ్వు పిల్ల కోసం అక్కడికి వస్తావు కదా. రావాలి.

అక్క

జూలై 25

అక్కా,

పిచ్చుక నా పక్కనే ఉంది. పడుకుంది. ముందు ఈ మాట.

బావ నీకు సగమే చెప్పి ఉంటాడు, మిగతా సగం నేను చెబుతాను. బడి వదిలే ముందే మేడం నన్ను పట్టుకుంది, కూరగాయల కొట్టు దగ్గర. నెత్తి మీద జోడు లేదు, ముక్కు మీదా లేదు, పరిగెత్తుతుంటే ఎక్కడో పడిపోయాయట. నేను బడికి వెనక గేటు నుంచి వెళ్ళాను. పెద్ద టీచరు పిల్లని తన గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది. కిటికీలోంచి చూశాను.

ముందు గేటు దగ్గర అతను. భుజాన కెమెరా. తల్లులందరూ అతన్ని బడి ఫోటోగ్రాఫరు అనుకుంటున్నారు, ఒకావిడ తన పిల్లాడి కాలరు సర్ది అతని ముందు నిలబెట్టింది కూడా. ఫోటో తీశాడు. నవ్వాడు. కళ్ళు మాత్రం గేటు లోపలే ఉన్నాయి.

అప్పుడు బావ వచ్చాడు. నలిగిన చొక్కా, బస్సు దుమ్ము. "అన్నయ్యా, మీరా!" అని అతను చెయ్యి చాపాడు. బావ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. అంతే, వదల్లేదు.  అతను మొదట నవ్వాడు, తర్వాత లాక్కున్నాడు, తర్వాత రెండో చేత్తో కెమెరా ఎత్తి బావ ముఖం మీద కొట్టాడు. నుదురు చీలి నెత్తురు కళ్ళలోకి కారుతున్నా బావ అలాగే పట్టుకుని నిలబడ్డాడు.  పెద్ద టీచరు ఫోన్ చేస్తే పోలీసులు వచ్చి వేళ్ళు విడదీయాల్సి వచ్చింది.

జీపు ఎక్కిస్తుంటే అతను కిటికీ వైపే చూశాడు. నేనున్నానని ఎలా తెలుసో! "ఇంటికి రా, నీ పనులన్నీ భద్రంగా ఉంచాను" అన్నాడు.

ఫైళ్ళన్నీ మేడం కంప్యూటర్లోనే ఉంటున్నాయనుకున్నాను అక్కా. సేవ్ నొక్కినప్పుడల్లా ఒక కాపీ అతని దగ్గరికి వెళ్తుందని నాకు తెలియదు. ఆ అమరికలన్నీ ఎప్పుడూ అతనే చూసుకునేవాడు. నేనే, నా చేత్తోనే, రోజుకో ఫోటో పంపి దారి చూపించాను. ఇక్కడ నుంచి కూడా ఈ రాత్రికే వెళ్ళిపోతున్నాం.

బావకి కట్టు కట్టిస్తుండగా, ఆ ఉత్తరంలో రాసిన మాట గురించి ఏదో చెప్పబోయాను. "ముందు దీనికి తినడానికి ఏమైనా పెట్టు" అని పిచ్చుకని చూపించాడు. ఆయన కుట్లు ఎవరికో అప్పజెప్పకు, నువ్వే దగ్గరుండి విప్పించు. ఇక నుంచి మేడం ద్వారా రాయి.

నీ
చిన్ని

ఆగస్టు 9

చిన్నీ,

కుట్లు విప్పారు. బావకి మచ్చ మిగిలింది. అద్దంలో చూసుకుని "ఇప్పుడు కాస్త రౌడీలా ఉన్నాను కదూ?" అంటున్నాడు. కానీ ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాడు. గుమ్మం దగ్గర ఎవరి నీడ పడినా ముందు తనే లేస్తాడు.

మేమిద్దరం వెళ్ళి పోలీసులకి వాంగ్మూలం ఇచ్చాం, కేసు నమోదైంది. కోర్టు తేల్చేదాకా నీ దగ్గరికీ పిల్ల దగ్గరికీ రాకూడదని అతనికి కాగితం ఇచ్చారు. అతను సంతకం పెట్టాడట, చక్కటి దస్తూరీతో. బెయిలు మీద వచ్చేశాడు. స్టూడియో తెరిచాడు. ల్యాబుకి వెళ్ళే దారి అదే కాబట్టి రోజూ చూడక తప్పదు. జనం వస్తున్నారు, ఫోటోలు తీయించుకుంటున్నారు, నవ్వుతున్నారు. ఎవరూ లేనప్పుడు ఆ తెర ముందు కూర్చుంటాడు. నిన్న నన్ను చూసి బయటికి వచ్చాడు. "చందా ఆపలేదు వదినా, నడుస్తూనే ఉంది. తనకి వేరే పని రాదు కదా. ఏదో ఒక రోజు తెరుస్తుంది" అన్నాడు. తర్వాత, "ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియకపోవడం ఎంత హాయో అప్పుడు తెలిసింది.

నువ్వు చెప్పాలనుకున్నా ఇక నాకు చెప్పకు.

నీ
అక్క

ఆగస్టు 21

అక్కా,

ఇదే ఆఖరి ఉత్తరం, కొన్నాళ్ళకి. కాగితం ఇచ్చినా అతను మేడం స్టూడియోకి వచ్చి, ఎంతో మర్యాదగా ఒక పాస్‌పోర్టు ఫోటో తీయించుకుని, డబ్బిచ్చి వెళ్ళాడట. ఇంకేమీ అడగలేదట. కౌంటరు మీద నాకొచ్చిన ఉత్తరం ఏదైనా ఉందా అని చూడటానికే వచ్చి ఉంటాడు. మేడం పోలీసులకి చెప్పింది. ఆ దారి కూడా మూసేస్తున్నాం. ఇది మాత్రం ప్రయాణంలో ఉన్న ఒకావిడ ఎక్కడో పోస్టు చేస్తుంది, ముద్ర చూసి మేం అక్కడున్నామనుకోకు.

పని మళ్ళీ మొదలుపెట్టాను. చిన్న కొట్టు, పాత కంప్యూటర్. యజమాని నన్ను పనిలో పెట్టుకుంటూ, నెలవారీది తీసుకుందామా అన్నాడు. ఒకసారి కొనుక్కుని ఊరుకునేది ఉంటేనే చేస్తానన్నాను. ఎందుకని అడిగితే, అలవాటన్నాను. పాత సామాన్ల బజారులో వెతికి తెచ్చాడు. పని నెమ్మదిగా సాగుతుంది. ఒక్కో తల వెనక గోడ చేత్తోనే చెరుపుతున్నాను. ఎక్కించేటప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ ఎవరి పేరు మీద అని అడిగింది. ఇంటర్నెట్ వైరు గోడలోంచి పీకేసి, పీకానో లేదో మళ్ళీ చూసి, అప్పుడు నా పేరు కొట్టాను. వైరు ఇంకా పెట్టలేదు. యజమాని రెండుసార్లు అడిగాడు.

కొత్త బడిలో తీసే ఫోటోలో పిచ్చుక ఉండదు. ఆ రోజు జ్వరమని చెప్తాను. ఎందుకని అది అడగలేదు. తనే, "వెనక వరుసలో పొడుగ్గా ఉన్నవాళ్ళ వెనక నిలబడనా?" అంది. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది.

నువ్వు జవాబు రాయలేవు కాబట్టి నాకు చెప్పాల్సినవన్నీ పోగుచేసి ఉంచు. కోపం వస్తే ల్యాబులో పక్క సీటావిడ మీద చూపించు, బావ మీద కాదు. కేసు రోజున నేను వస్తాను. వచ్చి చెబుతాను, అతని ముఖం చూసే చెబుతాను. ఆ రోజుదాకా

ఇక్కడ ఆపాను. మెట్ల మీద ఎవరివో అడుగులు వినిపించాయి. లైటు ఆర్పి, పిచ్చుక నోటి మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. అది అప్పటికే తన చెయ్యి తన నోటి మీద పెట్టుకుని ఉంది. అడుగులు మా తలుపు దాటి పైకి వెళ్ళాయి. పై వాటా ఆవిడ, బియ్యం బస్తా మోసుకుంటూ, మధ్యలో ఆయాసానికి ఆగింది. అంతే.

లైటు మళ్ళీ వేశాను. ఉంటాను.

నీ
చిన్ని